పెద్ద వెతుకులాట

మళ్ళీ చిన్న పెట్టే తెరుచుకుంది. ఆమె అడిగింది పెద్దది. కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్, ఈ మూడు మీటలూ ఒక్కసారి నొక్కితే ప్రాజెక్టులోని ఫైళ్ళన్నిటినీ గాలించే పెద్ద వెతుకులాట రావాలి, తెర ఎడమ పక్కంతా పరుచుకుని ఆ మాట ఎక్కడెక్కడ దాక్కుందో వరసపెట్టి చూపించాలి. మధ్యలో షిఫ్ట్ లేకపోతే వచ్చేది ఈ చిన్నది, కళ్ళెదుట ఉన్న ఒక్క ఫైలునే వెతికి చేతులు దులుపుకునే రకం, పైన మూలన అగ్గిపెట్టెంత ఉంటుంది. పొద్దున్నించీ ఇదే వరస. ఓసారి పెద్దది వస్తుంది, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ చిన్నది. పూర్తిగా పనిచెయ్యకపోయినా బాగుండేది. పూర్తిగా చచ్చిన షార్ట్‌కట్‌ని బతికించడం ఆమెకి చిటికెలో పని, ఈ ఓసారి ఔను ఓసారి కాదు అనే రకమే ప్రాణాలు తోడేస్తుంది. భోజనానికని అందరూ కుర్చీలు వెనక్కి తోసి లేచారు. పక్క సీటు టెస్టర్, ఆమె కన్నా బాగా చిన్నది, నోరు ఊరుకోని పిల్ల, "రండక్కా, అదెక్కడికీ పారిపోదులే" అంది. "మీరు పదండి, దీని సంగతేదో తేల్చి వస్తా" అని ఆమె నవ్వింది. నవ్వు బాగానే వచ్చింది. గది ఇంచుమించు ఖాళీ అయ్యాక ఏసీ చప్పుడు పెద్దదైంది, ఎవరిదో తెరమీద బొమ్మ అటూ ఇటూ ఎగురుతోంది, ఎవరిదో కుర్చీ వెనక వదిలేసిన స్వెటర్ చేతులు నేలకి ఆనుతున్నాయి.

షార్ట్‌కట్ పనిచెయ్యకపోతే ఎవరికైనా చిరాకు పుడుతుంది. ఆమెకి పుట్టింది భయం. అన్నయ్యకి మొదలైంది ఇలాగే. నాన్నకీ ఇలాగే మొదలై ఉంటుంది కానీ ఆయన బస్సు డ్రైవరు, ఆయన రోజుల్లో దానికి పేరు కూడా లేదు. గేరు సరిగా పడటం లేదని బస్సుని తిట్టాడు, మెకానిక్కుని తిట్టాడు, పోరుపెట్టి బస్సు మార్పించుకున్నాడు, ఆ బస్సుకీ గేరు పడకపోయేసరికి డిపో వాళ్ళు ఆయన్నే మార్చేశారు. కొన్నాళ్ళు డిపోలో బల్ల ముందు, తర్వాత ఇంట్లో కుర్చీలో, తర్వాత మంచం మీద. అన్నయ్య నాటికి డాక్టర్లకి తెలివి పెరిగింది. నరాల జబ్బు, తండ్రి నుంచో తల్లి నుంచో పిల్లలకి దిగుతుంది, వేళ్ళతో మొదలై ఊపిరి దాకా వెళుతుంది, మందు లేదు, ఇంత సంగతినీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగేంత తెలివి. ముక్కుమీద నుంచి జారే కళ్ళద్దాలు సర్దుకుంటూ ఆ డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, "తోబుట్టువులకి సగానికి సగం అవకాశం ఉందమ్మా, రక్తపరీక్ష ఉంది, కావాలంటే చేయించుకోండి" అంది. కావాలంటే అట. బట్టల కొట్లో ఇంకో రంగు చూపించమంటారా అన్నట్టు. ఆమె వద్దంది. అప్పటికే కూతురు పుట్టి నడుస్తోంది, తెలుసుకుని ఎవరికి ఏం ఒరుగుతుంది, వచ్చినప్పుడు చూద్దాం అంది. ఆ వచ్చినప్పుడు అనేది ఇవాళేనా, ఈ కుర్చీలోనేనా. ప్రోగ్రాములు రాసుకునే ఈ ఎడిటర్‌ది తప్పయితే ఓ గంట పని. ఎడిటర్‌ది కాకపోతే, ఊహూఁ, ఆ మాట ఇప్పుడొద్దు, ముందు ఎడిటర్ సంగతి చూడాలి, ఒక్కొక్కటీ, పద్ధతిగా.

పద్ధతంటే ఆమెదే. ఆఫీసులో ఆమెని షార్ట్‌కట్టక్క అంటారు, ఎదురుగానే అంటారు, ఆమెకీ సరదానే. కొత్తగా ఎవరు చేరినా ముందు ఆమె దగ్గరికి పంపిస్తారు. మౌస్ మీద చెయ్యి వేస్తే ఆవిడ కళ్ళతోనే కాల్చేస్తుందని బెదిరించి మరీ పంపిస్తారు. ఏ పని ఏ వేలికి ఇవ్వాలో, ఏ మీట దగ్గర ఏ మీట ఉంటే చెయ్యి కదపనక్కర్లేదో ఆమె కూర్చుని అమర్చి పెడుతుంది, పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినంత ఓపిగ్గా. కాబట్టి ముందు షార్ట్‌కట్ల పట్టీ తెరిచింది. ఒకే మీటల మీద రెండు పనులు కూర్చుని కొట్టుకుంటున్నాయేమో చూసింది, లేదు, పెద్ద వెతుకులాట తన చోట తను ఒంటరిగా, బుద్ధిగా ఉంది. షరతులు చూసింది, ఫలానా చోట కర్సర్ ఉన్నప్పుడే పనిచెయ్యాలని కొన్నిటికి షరతు ఉంటుంది, దీనికి అలాంటి పెంకితనం ఏమీ లేదు. ఈమధ్య ఎడిటర్‌కి అదనంగా తగిలించిన ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటీ ఆపింది. రంగులు మార్చేది, బ్రాకెట్లు కలిపేది, పక్కవాళ్ళు ఎవరు ఏ వరస రాశారో చాడీలు చెప్పేది. ఆపిన ప్రతిసారీ మూడు మీటలూ నొక్కింది. పెద్దది. పెద్దది. చిన్నది. ఓరి నీ దుంపతెగ. చాడీలదే తప్పేమో అని దాన్ని పూర్తిగా తీసేసింది. చిన్నది. పాపం అది కాదు, మళ్ళీ వేసింది.

అన్నయ్యకి తప్పింది రీడూ. రాసింది చెరిపేసి ఒక మెట్టు వెనక్కి పోవడానికి కంట్రోల్, జెడ్. అదే షిఫ్ట్ కలిపి నొక్కితే చెరిపింది మళ్ళీ తిరిగొస్తుంది, ఒక మెట్టు ముందుకి. అన్నయ్య ఫోన్ చేసి, "ఏమే, ఈ దిక్కుమాలిన ఎడిటర్ ముందుకి పొమ్మంటే వెనక్కి పోతోంది, ఓసారి వచ్చి చూడు" అన్నాడు. ఆమెకి పని నేర్పింది ఆయనే, ఆయనకే ఆమె అవసరం పడిందంటే ఆ పూట ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు. వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుంది, వదిన కాఫీ తెచ్చి మానిటర్ పక్కన పెట్టింది, ఆయన వెనక నిలబడి కాసేపు వెక్కిరిస్తూ కాసేపు మెచ్చుకుంటూ. ఆమె నొక్కితే బాగానే ముందుకి పోతోంది, ఆయన నొక్కితే వెనక్కి పోతోంది. అక్కడే అర్థం కావాల్సింది. కాలేదు. నీ అలవాట్లు ఎడిటర్‌కి పడటం లేదు అని నవ్వింది. వారం పాటు సాయంత్రాలన్నీ అక్కడే. ఎడిటర్ తీసేసి మళ్ళీ వేసింది, కొత్త కీబోర్డు కొనుక్కొచ్చింది, అయినా వెనక్కే పోతుంటే ఒక ఎక్స్‌టెన్షన్ రాసినవాళ్ళకి పెద్ద ఫిర్యాదు కూడా రాసి పడేసింది, వాళ్ళు మర్యాదగా మా దగ్గర బాగానే పనిచేస్తోందండీ అని జవాబిచ్చారు. అబద్ధాలకోర్లు అంది ఆమె. ఆ వారమంతా ఎంత సంతోషంగా ఉందో తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండుతోంది. లోకంలో ఏది చెడినా ఎక్కడో ఒక సెట్టింగు తప్పయి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, దొరికితే మార్చొచ్చు. ఈ పనిలో ఉన్నవాళ్ళకి పట్టే పిచ్చి ఇది, చేతివేళ్ళని ఎవరూ అనుమానించరు. చివరికి అన్నయ్యే ఓ రోజు, ఏ మీట నొక్కితే ఏం అందిందో వరస వరసగా రాసి చూపించే లాగ్ ఒకటి ఎడిటర్‌లో ఉంటుంది, అది తెరిచాడు. "ఇటు చూడవే. కంట్రోల్ వచ్చింది. జెడ్ వచ్చింది. షిఫ్ట్ అసలు రానే లేదు. నేను నొక్కుతున్నాననే అనుకుంటున్నా. నొక్కడం లేదు." ఆయన గొంతులో భయం లేదు, తప్పు దొరికినప్పుడు ఉండే హుషారే ఉంది, అదీ ఘోరం. ఆ తర్వాత తన ఎడమ చెయ్యి తెర వెలుగులో పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

అదే లాగ్ ఆమె ఎడిటర్‌లోనూ ఉంది. తెరిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తెరవడం లేదని ఆమెకి తెలుసు, ఎందుకు తెరవడం లేదో కూడా తెలుసు. ఇంకా చూడాల్సినవి ఉన్నాయి కదా. ఎడిటర్ దాకా రాకముందే మీటల్ని వేరే ప్రోగ్రాం ఏదైనా మధ్యలో మింగేస్తుందేమో, అది చూడకుండా లాగ్ దాకా వెళ్ళడం పద్ధతి కాదు. కింద మూలన చిన్న చిన్న గుర్తుల మధ్య ఒక కొత్త గుర్తు, నీలం రంగు కెమెరా. ఇదెప్పుడొచ్చింది? కంప్యూటర్ల మరమ్మతులు చూసే ఆయన, అందరూ వైర్లాయన అంటారు, గది చివర తన బల్ల దగ్గరే కూర్చుని డబ్బా విప్పుకుని తింటున్నాడు. "ఈ కెమెరా బొమ్మ మీరు వేశారా?" అని అక్కణ్ణించే అరిచింది. ఆయన నోట్లో ముద్ద ఉండగానే, "ఆఁ మేడం, తెరని ఫొటో తీసేది. మేనేజర్ గారు అందరికీ వెయ్యమన్నారు. మొత్తం తెర తియ్యాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్" అన్నాడు.

కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్. ఆమెకి ఆ తిండి తినే మనిషిని వెళ్ళి వాటేసుకోవాలనిపించింది. దొరికాడు దొంగ. వీడే మధ్యలో మీటలు మింగేస్తున్నాడు. అయితే మింగేస్తే ఏ పెట్టే తెరుచుకోకూడదు, చిన్నది మాత్రం ఎందుకు తెరుచుకుంటోంది అని బుర్రలో ఓ మూల ఎవరో అడుగుతూనే ఉన్నారు, ఇలాంటి ప్రశ్న కొత్తవాళ్ళు వేస్తే ఆమె భుజం తట్టేది, ఇప్పుడు మాత్రం నోర్ముయ్ అంది. కెమెరా ప్రోగ్రాంలోకి వెళ్ళి ఆ మీటలు ఊడబీకింది. ఎడిటర్‌కి తిరిగొచ్చింది. చిటికెన వేలు కంట్రోల్ మీద, ఉంగరపు వేలు షిఫ్ట్ మీద, చూపుడు వేలు ఎఫ్ మీద. పెద్దది. మూసింది. పెద్దది. మూసింది. పెద్దది. ఆకలి ఒక్కసారిగా వేసింది, పొద్దున్నించీ కడుపులో ఏమీ లేదని అప్పుడు తెలిసింది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఏదైనా కొనాలి, పిల్లకి ఆ మెరిసే పెన్సిళ్ళు, మొగుడికి, ఆయనకేం కొన్నా ఎందుకిది అంటాడు, ఏదో ఒకటి కొనాలి. వదినకి ఫోన్ చెయ్యాలి. వదిన ఎప్పుడొచ్చినా ముందు ఆమె చేతులకేసి చూస్తుంది, తర్వాతే మొహంకేసి, కాఫీ కప్పు అందుకునేటప్పుడు చూస్తుంది, చెప్పులు వేసుకునేటప్పుడు చూస్తుంది, ఏమీ అడగదు. ఈసారి వస్తే ఆవిడ ముందు కూర్చుని టకటకా టైపు చేసి చూపించాలి అనుకుంది. టెస్టర్‌కి కూడా చెప్పాలి, దొంగ దొరికాడని. కుర్చీ వెనక్కి జరిపి లేవబోతూ, ఊరికే, ఇంకొక్కసారి నొక్కింది.

చిన్నది.

కూర్చుంది. ఇప్పుడు కంగారు పడకూడదు. రెండు భాషల్లో టైపు చేసేవాళ్ళకి భాష మార్చే మీటలు అప్పుడప్పుడు అడ్డం పడతాయి, అది చూసింది, ఆపి ఉంది. షిఫ్ట్ గబగబా నాలుగైదుసార్లు తగిలితే వదిలిన మీట కూడా నొక్కినట్టే ఉండిపోయే పద్ధతి ఒకటి మొదలవుతుంది, అదీ ఆపి ఉంది. కీబోర్డు. షిఫ్ట్ కింద ఏదైనా ఇరుక్కుందేమో, తిరగేసి దులిపింది, వెంట్రుక ఒకటి, బిస్కెట్ పొడి, అంతే. టెస్టర్ కీబోర్డు పీకి తన దానికి తగిలించింది, ఆ పిల్లది గులాబీ రంగుది, మీటల మీద పిల్లి బొమ్మలు. చిన్నది. పిల్లులన్నీ ఆమెనే చూస్తున్నాయి. ఇంకేం మిగిలింది? అన్నయ్యకి తేలాక ఆమె చేసిందల్లా మీటలు తగ్గించడమే. మూడు మీటలవి రెండుకి దింపింది, రెండువి ఒకటికి, ఎడమచేతి పనులన్నీ కుడిచేతికి తోలింది, కుడిచెయ్యి కూడా అలిగాక మధ్యవేలికి అందేవాటి మీద మాత్రమే ఉంచింది. రీడూకి పైవరసలో ఒక్క మీట ఇచ్చింది, హాయిగా ఉందే, ఇదేదో మంచిగా ఉన్నప్పుడే చెయ్యాల్సిందే అన్నాడు. వెళ్ళినప్పుడల్లా ఆయనకి పనికొచ్చే మీటలు తగ్గుతూ వచ్చాయి, వాటి మీద ఏ పనులు ఉంచాలి, ఏవి మానుకోవాలి అని ఇద్దరూ కూర్చుని బేరాలాడుకునేవాళ్ళు. వెతుకులాట ఉంచు, కాపీ తీసెయ్, కాపీ కొట్టి బాగుపడింది ఎవరులే అనేవాడు. వదిన లోపలికి వెళ్ళి ఏడ్చేది. ఆఖరుకి ఒక్కటి మిగిలింది, దాన్ని సేవ్‌కి ఇచ్చారు, సేవ్ చెయ్యడానికి ఏదీ రాయలేడు, అయినా దాన్నే ఇమ్మన్నాడు. "నీకు రాకూడదే, నాకు దేవుడి మీద నమ్మకం లేదు కానీ నీకు మాత్రం రాకూడదు" అన్నాడు ఓసారి, అప్పటికి మాట ముద్దగా వస్తోంది, ఆమె వినపడనట్టు తెర వైపు చూసింది. ఆమెకి ఆయన మీద ఎంత ప్రేమ ఉందో ఆ పూట చెప్పి ఉండాల్సింది.

లాగ్ తెరిచింది. తెర అడుగున నల్లటి పట్టీ ఒకటి లేచింది, ఖాళీగా. మెట్ల దగ్గర్నించి నవ్వులు, భోజనాలయ్యాయి, వచ్చేస్తారు. చిటికెన వేలు, ఉంగరపు వేలు, చూపుడు వేలు. నొక్కింది. కంట్రోల్ అని పడింది. ఎఫ్ అని పడింది. చిన్న పెట్టె తెరుచుకుంది. మళ్ళీ నొక్కింది, పళ్ళు బిగించి, భుజం బరువంతా చేతిలోకి దింపి. కంట్రోల్. షిఫ్ట్. ఎఫ్. చూశావా వచ్చింది. మళ్ళీ. కంట్రోల్, ఎఫ్. మళ్ళీ. కంట్రోల్, ఎఫ్. అప్పుడు తెర మీంచి కళ్ళు తీసి చెయ్యి చూసుకుంది. ఉంగరపు వేలు షిఫ్ట్ మీదే ఉంది, ఆమె నొక్కుతూనే ఉంది, ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి నొక్కుతోంది, మీట మాత్రం కిందికి దిగలేదు. వేలు దాని మీద ఊరికే ఆనించి ఉంది. కుడిచెయ్యి తెచ్చి ఒక్క వేలితో అదే షిఫ్ట్ నొక్కింది. దిగింది. షిఫ్ట్ అని నల్లపట్టీలో తెల్లగా పడింది. కాబట్టి మీటది కాదు, కీబోర్డుది కాదు, కెమెరాది కాదు, ఎడిటర్‌ది అసలే కాదు. ఏడుపు రాలేదు. నాన్న మీద కోపం వచ్చింది, పోయినాయన మీద ఏం కోపం అనుకుంది కానీ వచ్చింది, అది పోయాక వట్టి భయం మిగిలింది, చిన్నప్పుడు చీకట్లో ఒక్కదాన్నీ వదిలేసినప్పటి భయం.

"ఏంటక్కా, నా పిల్లుల్ని ఎత్తుకుపోయారు? దొరికిందా తప్పు?" టెస్టర్ వెనకే నిలబడి ఉంది, చేతిలో ఆమె కోసం కాగితంలో చుట్టి తెచ్చిన తిండి. "దొరికింది" అంది ఆమె. "ఎక్కడ?" అంది ఆ పిల్ల. ఆమె ఫోన్ తీసుకుని నడవాలోకి వెళ్ళింది. కిటికీ పక్కన నిలబడితే కింద పార్కింగ్‌లో ఎవరో కారు వెనక్కి తియ్యలేక అవస్థ పడుతున్నారు. అప్పుడు వచ్చింది ఆ లెక్క. ఆమె పిలవలేదు, దానంతటదే వచ్చింది. తల్లికి ఉందో లేదో తెలియనంత కాలం పిల్లకి ఉన్న ముప్పు సగంలో సగం. ఆ సగంలో సగాన్ని ఆమె ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని కాపాడుకుంటూ వచ్చింది, పరీక్ష వద్దన్నది అందుకే, ఇంకెందుకూ కాదు. ఇందాక వీళ్ళంతా భోజనానికి లేచినప్పుడు కూడా అంతే ఉంది. ఇప్పుడు సగం. పిల్లకి ఏమీ కాలేదు, పిల్ల ఏమీ చెయ్యలేదు, ఎక్కడో ఆడుకుంటోంది, దాని ముప్పు మాత్రం రెట్టింపైపోయింది.

మొగుడు టీచరుగా పనిచేసే బళ్ళోనే పిల్ల చదువుతుంది. ఫోన్ చేస్తే రెండు రింగులకే ఎత్తాడు. "సాయంత్రం మీరే దాన్ని తీసుకెళ్ళిపోండి, నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళొస్తా" అంది. వెనక పిల్లల గోల, ఎవరో ఈల ఊదారు. "చెయ్యా?" అన్నాడు.

"ఊఁ. ఎడమది."

"సరిగ్గా చూశావా? ఊరికే తిమ్మిరేమో. రాత్రి అటు ఒత్తిగిలి పడుకున్నావు."

"చూశానండీ. అన్నీ చూశాను."

సరే నేనూ వస్తా, ఒక్కదానివీ వెళ్ళకు అన్నాడు. వద్దు, అది ఒక్కత్తీ అయిపోతుంది అంది ఆమె. "అదేం చేస్తోంది?" అని అడిగింది. గ్రౌండ్‌లో ఉంది, పరిగెడుతోంది, స్టాఫ్ రూమ్‌లోంచి కనపడుతోంది అన్నాడు. మామూలుగా ఉందా అంది. మామూలుగానే ఉంది అన్నాడు. పొద్దున తొందరలో ఆమె పిల్ల తల దువ్వకుండానే వచ్చేసింది.

"ఇవాళ జడలు ఎవరు వేశారు?"

"అదే వేసుకుంది. ఎవరి సాయం అక్కర్లేదంది. బాగానే వేసుకుంది" అన్నాడు, ఆగి, "ఓ పక్కది కాస్త వదులైంది, అంతే. చిన్నపిల్ల కదా" అన్నాడు.

"ఏ పక్కది?"

కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత ఆయన కిటికీ దగ్గరికి నడుస్తున్న చప్పుడు ఆమెకి ఫోన్లో వినిపించాయి.